కూడి కూర్చున్న ఇల్లు: సవర కొండల్లో క్రైస్తవ సహవాసం కథ

మన సంఘం ఈ సంచికకు వ్యాసం రాయమని అడిగినప్పుడు మేము ముందు అనుకున్నది వేరే విషయం. కానీ పోయిన ఏడాది మన ఊళ్లకు సెలవులకు వచ్చిన కుర్రాళ్లు అడిగిన ఒక ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. "దేవుడు మనసులో ఉంటే చాలదా? పాటలు ఫోనులో వింటున్నాం, వాక్యం ఫోనులో వింటున్నాం. వారం వారం ఎవరో ఒకరి ఇంట్లో చాప పరుచుకుని కూర్చోవాల్సిన పనేమిటి?" అని వాళ్లు అడిగారు. హైదరాబాదులో, చెన్నైలో పని చేసుకునే పిల్లలు. వాళ్లు ఎగతాళికి అడగలేదు, నిజంగా తెలియక అడిగారు.

ఈ వ్యాసం రాస్తున్న మాలో క్రైస్తవులున్నారు, తాతల నాటి ఆచారం పాటించేవారూ ఉన్నారు. అందుకే దీన్ని ప్రసంగంలా కాక చరిత్రలా రాయాలనుకున్నాం. కూడి కూర్చోవడం అనే పని మన కొండల్లో ఎక్కడ మొదలైంది, క్రైస్తవంలో దానికున్న చోటేమిటి, అది ఆగిపోతే మనం ఏం పోగొట్టుకుంటాం అన్నవి మూడు ముక్కల్లో చెప్పే ప్రయత్నం ఇది.

కూడిక మనకు కొత్త కాదు

సవరలం మనం. మన మాట ముండా కుటుంబానికి చెందినది. చుట్టూ ఉన్న తెలుగుకు, ఒడియాకు దానితో చుట్టరికం లేదు. గుణుపురం, పర్లాకిమిడి కొండల నుంచి సీతంపేట, పాతపట్నం, మందస వైపు దాకా మన ఊళ్లున్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లింది. అంతకుముందు ఇవన్నీ మద్రాసు రాజధానిలోని కొండలే. గీత మన మధ్యగా వెళ్లింది గాని బంధుత్వాలు తెగలేదు.

మన పాత ఆచారంలో అన్నిటికంటే పెద్ద కూడిక చావు చుట్టూ జరిగేది. మనిషి పోతే అతను సోనుం అవుతాడు. కుడన్ పూనకంలో కూర్చుంటే పోయినవాళ్లు ఒక్కొక్కరుగా ఆమె నోట మాట్లాడతారు. చుట్టూ కూర్చున్న బంధువులు వాళ్లతో మాట్లాడతారు, ఏడుస్తారు, పోట్లాడతారు, పొలం సంగతి అడుగుతారు, "నన్నెందుకు జబ్బు చేయిస్తున్నావు" అని నిలదీస్తారు. తర్వాత గువార్‌లో పోయినవారి పేర రాయి నాటుతారు. ఇది ఒక్క రోజుతో అయిపోయే పని కాదు. ఒక మనిషి చావు చుట్టూ ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ కూడేవారు.

ఈ ఆచారం గురించి ఇద్దరు బయటివారు విస్తారంగా రాశారు. వెరియర్ ఎల్విన్ పుస్తకం 1955లో వచ్చింది. 1970ల నడుమ మన కొండలకు వచ్చిన పియర్స్ విటెబ్స్కీ మన భాష నేర్చుకుని, పోయినవారితో జరిగే ఆ సంభాషణల మీద 1993లో ఒక పుస్తకం రాశారు. వాటిని చదివినా, మన అవ్వలను అడిగినా ఒక సంగతి తేటగా కనిపిస్తుంది. అక్కడ దుఃఖం ఒక్కరిది కాదు. భర్త పోయిన ఆడమనిషి ఒంటరిగా కూర్చునే వీలే ఆ పద్ధతిలో లేదు. ఊరు వచ్చి ఆమె పక్కన కూర్చుని, పోయినవాడితో కలిసి మాట్లాడేది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ఆ కూడికలకు పందులు కావాలి, దున్నలు కావాలి, బియ్యం, సారా కావాలి. దానికోసం షావుకారు దగ్గర అప్పు చేసి, చింతపండు, కందులు కోతకు రాకముందే రాసిచ్చిన ఇళ్లు ఎన్నో. మన పెద్దల్లో కొందరు కొత్త మతం వైపు తిరగడానికి ఈ బరువు కూడా ఒక కారణమని వాళ్లే చెప్పగా విన్నాం.

రోమా అధికారి ఉత్తరం

ఇప్పుడు కాస్త దూరం వెళ్దాం. క్రైస్తవులు మొదటినుంచీ పెద్ద గుళ్లలో కూడినవారు కారు. మొదటి రెండు మూడు వందల ఏళ్లు వాళ్లు కూడింది ఇళ్లలోనే. పౌలు తన పత్రికల్లో అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట కూడే సంఘానికీ, ఫిలేమోను ఇంట కూడే సంఘానికీ వందనాలు చెప్పడం మన క్రైస్తవ బంధువులందరికీ తెలిసినదే. ఒక ఇంట్లో ఎంతమంది పడతారో అంతే సంఘం.

ఆ కూడికలు ఎలా ఉండేవో చెప్పిన బయటి సాక్షి ఒకడున్నాడు. అతను క్రైస్తవుల స్నేహితుడు కాదు, వాళ్లను విచారించి శిక్షించిన అధికారి. పేరు ప్లినీ. నేటి టర్కీ ఉత్తర భాగంలోని బితూనియకు గవర్నరు. క్రీ.శ. 112 ప్రాంతంలో చక్రవర్తి ట్రాజనుకు రాసిన ఉత్తరంలో, విచారణలో తెలిసింది ఇంతే అంటాడు: వీళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడతారు. క్రీస్తును దేవుడిగా తలచి ఒకరి తర్వాత ఒకరు పాడతారు. దొంగతనం చేయమని, వ్యభిచరించమని, ఇచ్చిన మాట తప్పమని, తమ దగ్గర దాచిన సొమ్ము అడిగినప్పుడు ఎగ్గొట్టమని ప్రమాణం చేస్తారు. తర్వాత విడిపోయి, మళ్లీ కలిసి భోజనం చేస్తారు. ఆ భోజనం మామూలు తిండే.

ఇందులో మాకు మూడు విషయాలు గట్టిగా తగిలాయి. ఒకటి, నియమిత దినం. వీలైనప్పుడు కాదు, వారు ఆ రోజుకు కట్టుబడి కూడారు. రెండు, ప్రమాణం ఒకరి ఎదుట ఒకరు చేశారు. దాచిన సొమ్ము ఎగ్గొట్టనని పదిమంది ముందు చెప్పినవాణ్ని ఆ పదిమందీ రేపు సంతలో చూస్తారు. మూడు, ప్లినీ నిజం రాబట్టడానికి చిత్రహింస పెట్టించింది ఇద్దరు బానిస స్త్రీలను. ఆ సంఘంలో వాళ్లను పరిచారకులు అంటారని అతనే రాశాడు. లోకం లెక్కలో అట్టడుగున ఉన్న ఇద్దరు ఆడవాళ్లకు ఆ చిన్న ఇంటి కూటంలో బాధ్యత ఉంది.

ఇంకో మాట. చక్రవర్తి ఆజ్ఞ ప్రకారం సంఘాలుగా కూడటాన్ని ప్లినీ నిషేధించాడు. మనసులో ఎవరు ఏం నమ్మినా పట్టని రాజ్యాలకు కూడా కొందరు క్రమంగా కూడటం అంటే భయమే. కూడికకు బలం ఉందని మనకంటే ముందు వాళ్లకే తెలుసు.

బ్రిస్టల్‌లో వారానికి ఒక పెన్నీ

పదిహేడు వందల ఏళ్లలో గుళ్లు పెద్దవయ్యాయి, ఇళ్ల కూడికలు చాలా చోట్ల మరుగునపడ్డాయి. అవి మళ్లీ బలంగా లేచిన సందర్భాల్లో ఒకటి చెబుతాం, ఎందుకంటే దాని మొదలు ఆరాధన కాదు, అప్పు.

1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్నంలో జాన్ వెస్లీ అనుచరులకు తమ ప్రార్థన మందిరం మీద అప్పు మిగిలింది. తీర్చే దారి ఆలోచిస్తుంటే ఒక సభ్యుడు, ప్రతి ఒక్కరూ వారానికి ఒక పెన్నీ ఇస్తే సరిపోతుందన్నాడు. మరి అంత కూడా ఇవ్వలేని బీదలో? పదకొండు మందిని నాకప్పగించండి, వారం వారం వాళ్ల ఇళ్లకు వెళ్తాను, ఇవ్వలేనివారి పెన్నీ నేనే వేస్తాను అన్నాడు. ఇలా పన్నెండు మంది చొప్పున గుంపులయ్యాయి. వసూలుకు ఇళ్లకు వెళ్లినవారికి పెన్నీతో పాటు ఇంటి సంగతులూ తెలిశాయి. ఒకడు మళ్లీ తాగుతున్నాడు, ఒక ఇంట్లో కొట్లాట, ఒక ఇంట్లో జబ్బు. వెస్లీ దాని విలువ గుర్తించి, ఆ గుంపులు వారానికోసారి ఒకచోట కూర్చునేలా మార్చాడు. 'క్లాసు' అని పేరు. వేలమందికి చేసే ప్రసంగం మనిషిని కదిలించగలదు. కదిలిన మనిషిని నిలబెట్టింది మాత్రం ఈ పన్నెండు మంది.

మన ఆదివాసీ లోకంలో దీనికి సాటి మిజో కొండల్లో ఉంది. అక్కడి క్రైస్తవ స్త్రీలు 1910 ప్రాంతం నుంచి పూటపూటా వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక గుప్పెడు పక్కన పెడతారు. బుహ్ఫాయ్ థామ్ అంటారు దాన్ని. వారం వారం ఆ బియ్యం సంఘానికి చేరుతుంది. చేతిలో నగదు లేని ఇల్లాలు కూడా ఇచ్చేవారిలో ఒకరయ్యే ఉపాయమిది. గుప్పెడు బియ్యం మన తెలుగు సంఘాల్లోనూ తెలిసిన కానుకే.

పర్లాకిమిడి నుంచి కొండల మీదికి

మన కొండలకు క్రైస్తవం కెనడా బాప్టిస్టు మిషన్ ద్వారా వచ్చింది. వాళ్లు 1870లలో కాకినాడలో, ఉత్తరాంధ్ర తీరంలో పని మొదలుపెట్టారు. కాకినాడకు వాళ్లను పిలిచింది థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు, తంతి శాఖలో ఉద్యోగం చేసినవాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ పని పర్లాకిమిడి నుంచి కొండెక్కి సెరంగో చేరింది. అక్కడ ఆసుపత్రి వచ్చింది. మలేరియాతో వణుకుతూ నడిచి వెళ్లినవాళ్లు మందుతో పాటు పాట కూడా తెచ్చుకున్నారు.

అదే పర్లాకిమిడిలో, ఏ మతప్రచారమూ లేకుండా, ఇంకో పెద్దాయన మన భాష కోసం జీవితం పెట్టారు. ఆయన గిడుగు వెంకట రామమూర్తి (1863–1940). బడి పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, మన పిల్లలకు బళ్లు పెట్టించి, పుస్తకాలు రాసి, 1931లో మన భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు ఇచ్చారు. 1936లో మంగెయి గొమాంగో సోరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని వెలువరించారు. ఆ అక్షరాలనే దైవంగా కొలిచే భక్తులు నేటికీ ఉన్నారు. 1960లలో బైబిలు కొత్త నిబంధన మొత్తం సవర భాషలో రోమను లిపిలో అచ్చయింది. మూడు దారులు, మూడు లిపులు. అందరికీ తెలిసిన సత్యం ఒక్కటే: మనిషి తన ఇంటి భాషలో మాట్లాడుకోగలిగినచోటే కూడిక నిలుస్తుంది.

క్రైస్తవ కూటాలు మన భాషకు చేసిన మేలును పాత ఆచారం పాటించే మాలోని వారూ ఒప్పుకుంటారు. బడిలో తెలుగు, ఆఫీసులో తెలుగు, అటువైపు ఒడియా. సవరలో రాసినది చదివే అవసరం చాలామందికి వారం వారం వచ్చిన చోటు ప్రార్థన కూటం. అక్షరం రాని అవ్వ పాట పుస్తకం చేతపట్టుకుని, పాట నోటికొచ్చు కాబట్టి పాట వెంబడి అక్షరాలు గుర్తుపట్టింది. ఇలా చదువు నేర్చుకున్నవారు మా ఊళ్లలో ఉన్నారు.

పోయినదేమిటి, రావలసినదేమిటి

విటెబ్స్కీ 2017లో ఇంకో పుస్తకం రాశారు. తొలిసారి వచ్చినప్పుడు రోజూ చూసిన ఆ సంభాషణలు ఒక తరం తిరిగేసరికి ఎలా ఆగిపోయాయో, కొత్త తరం చాలావరకు ఎలా బాప్టిస్టు క్రైస్తవులయ్యారో అందులో ఉంది. మన గురించి బయటివారు రాసింది అంతా ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఆ పుస్తకం లేవనెత్తే ప్రశ్న మనది: పోయినవారితో మాట్లాడటం మానేసిన మనిషి తన దుఃఖాన్ని ఎవరితో మాట్లాడాలి?

క్రైస్తవ విశ్వాసం దీనికి ఇచ్చే జవాబు పోయినవారు దేవుని దగ్గర విశ్రాంతిలో ఉన్నారని. అది ఓదార్పే. అయితే ఆ ఓదార్పును మనిషి మనిషికి అందించాలి. అందించే మనిషి లేకపోతే అది పలక మీద రాసిన వాక్యంగానే ఉండిపోతుంది. మా కళ్ల ఎదుట జరిగిన సంగతి ఒకటి చెబుతాం. ఊరి పేరు అవసరం లేదు, ఎందుకంటే ఆ తప్పు మా అందరిదీ.

పదిహేను ఇళ్ల కొండ ఊరు. ఏడు ఇళ్లు క్రైస్తవులవి. గుడి కొండకు అవతలి ఊళ్లో. వానాకాలం గెడ్డ పొంగితే దాటలేరు. పాస్టరుగారు నెలకోసారి వచ్చేవారు, మిగతా ఆదివారాలు ఎవరి ఇంట్లో వారు. ఒక వానాకాలం ఒక పెద్దాయన పోయారు. గెడ్డ పొంగి ఉంది. పాస్టరుగారు రాలేకపోయారు. ఊళ్లోని క్రైస్తవులు పాతిపెట్టడానికి వచ్చారు, నలుగురూ కలిసి ప్రార్థన చేయడం ఎవరికీ అలవాటు లేక ఎవరింటికి వారు వెళ్లిపోయారు. పాత ఆచారం వాళ్లు "అది వాళ్ల పద్ధతి, మనం వెళ్తే ఏమనుకుంటారో" అని గుమ్మం దగ్గరే ఆగారు. ఆ అవ్వ రెండు రాత్రులు ఒక్కర్తే కూర్చుంది. మూడో రోజు ఆమె మాలో ఒకరితో అన్న మాట ఇది: "మా అమ్మ పోయినప్పుడు ఇల్లు నిండిపోయింది. ఇప్పుడు నా దేవుడు ఉన్నాడు, మనుషులు లేరు."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. పాత కూడికను వదిలిపెట్టాం. కొత్త కూడికను పెంచుకోలేదు. నెలకోసారి వచ్చే ఆరాధన గుంపును చేస్తుంది గాని, ఒకరి గుమ్మంలోకి ఒకరు చొరవగా వెళ్లే మనుషులను చేయలేదు. ఆ చొరవ రోజూ, వారం వారం కూర్చుంటేనే వస్తుంది.

తర్వాత ఆ ఊళ్లో ఆడవాళ్లే మొదలుపెట్టారు. పొలం నుంచి వచ్చి, గంజి తాగి, గురువారం సాయంత్రం ఒకరి అరుగు మీద. మొదట నలుగురు. ఒక పాట, ఒక చిన్న ప్రార్థన, ఆ వారం ఎవరింట్లో ఏం జరిగిందో చెప్పుకోవడం. ఎవరికి జ్వరం, ఎవరి కొడుకు ఫోను చేయలేదు, ఎవరు స్వయం సహాయక సంఘం కిస్తీ కట్టలేకపోయారు. ఎవరైనా పోతే ఎనిమిది రాత్రులు వంతులవారీగా ఆ ఇంట్లో పడుకోవాలని వాళ్లే నియమం పెట్టుకున్నారు. ఆ వంతులో పాత ఆచారం పాటించే ఇద్దరు కూడా కలిశారు. ప్రార్థనకు కాదు, తోడుకు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పాత పద్ధతిలో చావు మాట మాట్లాడించింది ఎక్కువగా ఆడ కుడన్లే. గుళ్లు వచ్చాక మైకు మగవాళ్ల చేతికి వెళ్లింది. అరుగు మీది చిన్న కూటంలో ఆ మాట మళ్లీ ఆడవాళ్లకు దక్కింది. ప్లినీ విచారించిన ఆ ఇద్దరు స్త్రీలను ఇక్కడ గుర్తు చేసుకోవడం తగునని మాకనిపించింది.

సహవాసం గోడ కాకూడదు

మన సంఘం వేదిక మీద ఇది చెప్పకుండా వ్యాసం ముగిస్తే తప్పు. క్రమంగా కూడే గుంపుకు ఒక ప్రమాదం ఉంది. లోపలివారు దగ్గరయ్యేకొద్దీ బయటివారు దూరం కావచ్చు. కంది కొత్తల పండుగకు రామనే క్రైస్తవులు, క్రైస్తవుల పెళ్లికి వెళ్లమనే పెద్దలు, ఇద్దరూ మన ఊళ్లలో ఉన్నారు. ఒకే వంశం రెండు బావుల దగ్గర నీళ్లు తోడుకునే స్థితి రాకూడదు.

మతం మారితే గిరిజనుడు కాకుండా పోతాడని కొందరు చెబుతుంటారు. షెడ్యూల్డు తెగల హోదాకు 1950 నాటి రాజ్యాంగ ఉత్తర్వు మతాన్ని షరతుగా పెట్టలేదు. షెడ్యూల్డు కులాల ఉత్తర్వుకు ఆ షరతు ఉంది, మనకు లేదు. సవర ఏ దేవుణ్ని కొలిచినా సవరే. చట్టం ఇంత స్పష్టంగా చెప్పిన చోట మనం ఒకరినొకరు బయటికి నెట్టుకోవడం సిగ్గుచేటు. చిన్న కూటం తన పాట తాను పాడుకోవచ్చు. పక్కింటి పొయ్యి వెలగనప్పుడు అన్నం మతం అడగకూడదు.

కుర్రాళ్ల ప్రశ్నకు

ఇక మొదటి ప్రశ్న. ఫోనులో వాక్యం వింటే తప్పేమీ లేదు, వినండి. కానీ ఫోనుకు మీరు రాలేదని తెలియదు. మీ గొంతు మారిందని, కళ్లు గుంటలు పడ్డాయని, మీరు మూడు వారాలుగా ఎవరితోనూ మాట్లాడటం లేదని దానికి తెలియదు. ఈ కొండల్లో మన తాతలు రాళ్లు నాటుకుంటూ కూడినా, రోమా రాజ్యంలో బానిసలు చీకట్లో కూడినా, బ్రిస్టల్‌లో కూలీలు పెన్నీ పట్టుకుని కూడినా, ఒకరు లేని లోటు మిగతావారికి తెలియడమే ఆ కూడిక చేసిన మేలు.

పట్నంలో ఉన్న పిల్లలకు మా మాట ఇది. మీరుండే చోట ముగ్గురు సవర కుర్రాళ్లున్నా చాలు. వారానికి ఒక రోజు పెట్టుకోండి, ఒక గదిలో కూర్చోండి, మన భాషలో మాట్లాడుకోండి, కలిసి వండుకోండి. క్రైస్తవులైతే ప్రార్థన చేసుకోండి. కాకపోతే మీ తాత పేరు చెప్పుకోండి. అప్పు ఉంటే చెప్పుకోండి, జబ్బు ఉంటే దాచకండి. ఆ రోజు తప్పకండి.

ఆ అవ్వ ఇప్పుడూ గురువారం అరుగు మీదికి వస్తుంది. చూపు తగ్గింది, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు. ఒక వారం ఆమె రాకపోతే పాట మొదలుపెట్టకుండానే ఇద్దరు లేచి ఆమె ఇంటివైపు నడిచారు. మేము చెప్పదలచిన చరిత్ర అంతా ఆ నడకలో ఉంది.